మ్యాచ్ రైఫిల్ కొనేటప్పుడు బ్యారెల్ మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి

(స్మాల్‌బోర్ షూటర్లు, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ ఈవెంట్‌లో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం. అప్పటిదాకా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ దగ్గరే ఆగిపోయిన పిల్లలు చాలామంది ఇప్పుడు పాయింట్ టూటూ (.22 అంగుళాల తూటా కాల్చే రైఫిల్, దీన్నే స్మాల్‌బోర్ అంటారు) వైపు చూస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే పిల్లాడు టూటూకి వెళ్తానన్న మరుసటి రోజే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "సార్, ఏ కంపెనీ కొనమంటారు?" అని. ఆ్యన్‌షుట్సా, వాల్టరా, ఫైన్‌వెర్క్‌బావా, బ్లైకరా? ఈ సాయంత్రం ఆ ప్రశ్నను కాస్త పక్కన పెట్టమని అడుగుతున్నాను. ఇవన్నీ మంచి కంపెనీలే. మీరు కొనేది కంపెనీని కాదు, ఫలానా నంబరు కొట్టిన ఒక బ్యారెల్‌ని, అంటే బుల్లెట్ దూసుకెళ్లే గొట్టాన్ని. దాని గురించే మాట్లాడదాం.

రైఫిల్‌లో స్టాక్, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే చట్రం, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ట్రిగర్ సర్దుకోవచ్చు. గురి చూసే సైట్లు, భుజానికి ఆనే బట్‌ప్లేట్, చెంప ఆనే చీక్‌పీస్ అన్నీ పిల్లల ఎత్తును బట్టి మార్చుకుంటూనే ఉంటాం. బ్యారెల్ సంగతి అలా కాదు. అది ఎలా పుట్టిందో అలాగే ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, పక్కపక్క నంబర్లున్న రెండు రైఫిళ్లు తీసుకుని ఒకే పెట్టెలోని తూటాలు కాలిస్తే రెండూ ఒకేలా కొట్టవు. పైగా మనకు లైసెన్సు, దిగుమతి అనుమతులు, కస్టమ్స్ అన్నీ దాటుకుని రైఫిల్ చేతికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. వచ్చాక "ఇది బాగా కొట్టట్లేదు, మార్చివ్వండి" అంటే కుదరదు. అందుకే ముందే చూసుకోవాలి.

మొదట ఆ గొట్టం లోపల ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్తాను. లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, గాడుల మధ్య గట్లు ఉంటాయి. సీసపు బుల్లెట్ ఆ గట్లలో కోసుకుపోతూ తిరుగుతుంది. టూటూలో మామూలుగా 16 అంగుళాలకు ఒక చుట్టు. బుల్లెట్ సెకనుకు దాదాపు 330 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది కాబట్టి లెక్క వేస్తే సెకనుకు 800 చుట్ల పైమాటే. బొంగరం గిర్రున తిరిగేటప్పుడు ఒరగకుండా ఎలా నిలబడుతుందో ఇదీ అంతే. కానీ బొంగరాన్ని విసిరేటప్పుడే తాడు ఒక పక్కకి లాగితే అది మొదటి నుంచే ఊగుతుంది కదా. బ్యారెల్ మూతి దగ్గర, వెనక తూటా కూర్చునే చాంబర్ దగ్గర చిన్న వంకర ఉంటే బుల్లెట్‌కీ అదే జరుగుతుంది. బ్యారెల్ బాగుందంటే అర్థం, ప్రతి బుల్లెట్‌నీ ఒకే రకంగా పట్టుకుని ఒకే రకంగా వదలడం. అంతకుమించి రహస్యం ఏమీ లేదు.

ఇక తయారీ. కేటలాగుల్లో దీని గురించి చాలా రాస్తారు కాబట్టి తెలిసి ఉండాలి. ప్రధానంగా మూడు పద్ధతులు. ఒకటి, గాడులను ఒక చిన్న పనిముట్టుతో కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ పోవడం. ఇది అన్నిటికంటే పాతది, నెమ్మదైనది. రెండోది బటన్ పద్ధతి. గాడుల ఆకారమున్న కార్బైడ్ బటన్‌ను గొట్టంలోంచి బలంగా లాగుతారు లేదా తోస్తారు. లోహం కోసుకోదు, నొక్కుకుపోయి గాడి పడుతుంది. 1940లలో అమెరికాలో రెమింగ్టన్‌లో పనిచేసిన మైక్ వాకర్ పేరు దీనితో ముడిపడి ఉంది. మూడోది హ్యామర్ ఫోర్జింగ్. లోపల గాడుల అచ్చు పెట్టి బయటి నుంచి సుత్తులతో దడదడా కొట్టి గొట్టాన్ని అచ్చు మీదికి కుదించేస్తారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలో మెషిన్‌గన్ బ్యారెళ్లు వేగంగా కావాల్సి వచ్చి ఈ పద్ధతి ఊపందుకుంది. టిక్కా, సీజెడ్ లాంటి కంపెనీలు ఇప్పటికీ ఇలాగే చేస్తాయి.

"వీటిలో ఏది మంచిది?" అని అడుగుతారు. మూడు పద్ధతుల్లోనూ అద్భుతమైన బ్యారెళ్లు వచ్చాయి, మూడింటిలోనూ చెత్త వచ్చింది. పద్ధతిని బట్టి కొనకండి. పద్ధతిని బట్టి ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ముక్క ఎవరూ చెప్పరు.

బటన్ లాగినా, సుత్తితో కొట్టినా లోహంలో ఒత్తిడి మిగిలిపోతుంది. దాన్ని సరిగ్గా వేడిచేసి తీసేయాలి. తీసేయకుండా, ఆ తర్వాత బయటి వైపు లేత్ మీద పెట్టి సన్నగా చెక్కారనుకోండి. బయటి లోహం పోగానే లోపల బిగిసి ఉన్నది కాస్త వదులవుతుంది, అంటే లోపలి రంధ్రం పెద్దదవుతుంది. ఎక్కడ ఎక్కువ చెక్కితే అక్కడ ఎక్కువ. మామూలు రైఫిల్ బ్యారెల్ ఎక్కడ సన్నగా ఉంటుంది? మూతి దగ్గర. మనకు బిగువు ఎక్కడ కావాలి? సరిగ్గా మూతి దగ్గరే. మూతి వైపు మరలు కోసినా, సైట్ కోసం గాడి కోసినా, అందం కోసం బయట పొడవాటి గాడులు కోసినా ఇదే ప్రమాదం. మ్యాచ్ బ్యారెళ్లు లావుగా, మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే మందంతో ఉండటానికి బరువు, ఊగకపోవడం ఒక కారణమైతే, ఇది ఇంకో కారణం. అందుకే ఫ్యాక్టరీ రైఫిల్ చూసేటప్పుడు బయట ఎక్కడెక్కడ లోహం తీసేశారో ముందు చూడండి. ఆ చోట్లే లోపల అనుమానించాల్సిన చోట్లు.

దీన్ని చేత్తో పట్టుకోవచ్చు. బోల్టు (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) తీసేసి, బ్యారెల్ శుభ్రం చేసి, కొంచెం నూనె రాసి, రంధ్రం కంటే ఏ మాత్రమో లావుగా ఉన్న మెత్తటి సీసపు ముక్కను చాంబర్ వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో నెమ్మదిగా తోస్తారు. రాడ్ పిడి బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరిగేది అయి ఉండాలి. మొదట గట్లలోకి దిగేటప్పుడు గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత చివరిదాకా చేతికి ఒకే బరువు తెలియాలి. మూతికి ఓ బెత్తెడు దూరంలో కాస్త బిగిసి, ఆ బిగువుతోనే బయటికి వచ్చిందంటే టూటూలో అది చాలా మంచి లక్షణం. మధ్యలో ఎక్కడో బిగువున్నా పెద్దగా భయపడక్కర్లేదు. కానీ అంతా బిగువుగా వచ్చి, చివరి నాలుగైదు సెంటీమీటర్లలో చటుక్కున జారిపోయిందంటే, మూతి వదులుగా ఉన్నట్టు. నేనైతే ఆ రైఫిల్‌ను అక్కడే పక్కన పెట్టేస్తాను, అది ఏ కంపెనీదైనా సరే. ఈ పని గన్‌స్మిత్ ఎదుటే చేయించండి. మీ చేత్తో ఒకసారి తోసి చూపించమనండి. ఒక్కసారి ఆ తేడా చేతికి తెలిస్తే ఇక మర్చిపోరు.

తర్వాత క్రౌన్. అంటే మూతి చివర, గాడులు ముగిసే అంచు. బుల్లెట్‌ను బ్యారెల్ చివరిసారిగా తాకేది అక్కడే. అంచు ఒక పక్క చితికి ఉంటే వెనక నుంచి తోసుకొస్తున్న వాయువు ఆ పక్క నుంచి ముందుగా బయటపడి బుల్లెట్ వెనక భాగాన్ని ఒక వైపు నెడుతుంది. చూడ్డానికి భూతద్దం చాలు. ఇంకో తేలిక పద్ధతి, చెవులు తుడుచుకునే దూది పుల్లను అంచు మీదుగా లోపలి నుంచి బయటికి చుట్టూ లాగండి. ఎక్కడైనా దూది పోగు తగులుకుందా, అక్కడ బర్, అంటే లేచిన లోహపు ముల్లు, ఉంది. కొత్త రైఫిల్ కదా అని వదిలేయకండి, ఫ్యాక్టరీలో చివర్లో హడావుడిగా చేసే పని ఇదే. సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే క్రౌన్ చెడితే మళ్లీ కోసుకోవచ్చు. చాంబర్ చెడితే అంత తేలిక కాదు.

చాంబర్ విషయంలో ఒకే పరీక్ష చెప్తాను. ఇది రేంజ్‌లో, రేంజ్ ఆఫీసర్ అనుమతితో, బ్యారెల్ టార్గెట్ వైపు ఉంచి మాత్రమే చేయాలి. ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. మ్యాచ్ చాంబర్‌లో తూటా పెట్టి బోల్టు మూయగానే బుల్లెట్ ముందు భాగం గట్లకు కొద్దిగా ఆనుతుంది. మెల్లగా బోల్టు తెరిచి తూటాను బయటికి తీసి భూతద్దం కింద తిప్పి చూడండి. బుల్లెట్ మీద గట్ల గుర్తులు చిన్నచిన్న గీతల్లా కనిపిస్తాయి. అవి చుట్టూ ఒకే పొడవు, ఒకే లోతు ఉంటే చాంబర్ బ్యారెల్ మధ్యకు సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్క లోతుగా పడి ఎదురు పక్క అసలు పడకపోతే చాంబర్ పక్కకి కోసినట్టు. ఆ బుల్లెట్ మొదటి అడుగే వంకరగా వేస్తుంది.

ఇప్పుడు బోర్‌స్కోప్. చిన్న కెమెరా ఉన్న సన్నటి గొట్టం. ఒకప్పుడు గన్‌స్మిత్‌ల దగ్గర మాత్రమే ఉండేది, ఇప్పుడు ఫోన్‌కు తగిలించుకునేవి చవగ్గా దొరుకుతున్నాయి. దానితో ఉపకారం ఎంత జరుగుతోందో అపకారమూ అంతే జరుగుతోంది. అంత పెద్దది చేసి చూస్తే ప్రపంచంలో ఏ బ్యారెల్ అయినా దున్నిన పొలంలా కనిపిస్తుంది. గాడుల పొడవునా సాగిన సన్నటి గీతలు చూసి బెంబేలెత్తిపోకండి, అవి బుల్లెట్ వెళ్లే దారిలోనే ఉన్నాయి. పట్టించుకోవాల్సినవి అడ్డంగా ఉన్న గీతలు. గట్ల మీద అడ్డంగా నిచ్చెన మెట్లలా కనిపిస్తే రంధ్రాన్ని నునుపు చేసే రీమర్ అనే పనిముట్టు అదిరిందని అర్థం. ఆ మెట్లు సీసాన్ని గీరి పట్టుకుంటాయి. అయినా అలాంటి బ్యారెళ్లు కొన్ని చక్కగా కొడతాయి. అద్దంలా మెరిసే బ్యారెళ్లు కొన్ని అస్సలు కొట్టవు. బోర్‌స్కోప్ చూపించిన తుప్పు గుంటలు, పగుళ్లు, చాంబర్ ముందు అరుగుదల నమ్మండి. అందచందాలు నమ్మకండి.

ఇంతవరకు చెప్పినవన్నీ వద్దనడానికి కారణాలు వెతకడమే. ఒక బ్యారెల్ మంచిదని తేల్చడానికి మాత్రం కాల్చడం తప్ప ఇంకో దారి లేదు. ఎన్ని కాల్చాలనేదే అసలు ప్రశ్న.

చాలా మ్యాచ్ రైఫిళ్ల పెట్టెలో ఒక టెస్ట్ టార్గెట్ కాగితం వస్తుంది. మధ్యలో ఒకే ఒక చిరిగిన రంధ్రం. చూడగానే మనసు కరిగిపోతుంది. ముందు ఎన్ని షాట్లో లెక్కపెట్టండి. వేట రైఫిళ్లకు ఇచ్చే గ్యారంటీలు చాలావరకు మూడు షాట్లకే. ఇందులో లెక్కల సంగతి ఒకటుంది. ఒకే గురికి కాల్చిన షాట్ల గుంపును గ్రూపు అంటాం, అందులో అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు షాట్ల మధ్య దూరం దాని సైజు. ఒకే బ్యారెల్, ఒకే తూటాలు, అంతా ఒకటే అనుకోండి. పది షాట్ల గ్రూపులు సగటున 16 మిల్లీమీటర్లు వస్తుంటే, అదే బ్యారెల్ ఐదు షాట్ల గ్రూపులు సగటున 13, మూడు షాట్ల గ్రూపులు సగటున 10 మిల్లీమీటర్లే వస్తాయి. బ్యారెల్ మారలేదు, షాట్లు తగ్గాయి, అంతే. అది కూడా సగటు. మూడు షాట్ల గ్రూపులు నాలుగైదు కొట్టి అన్నిటికంటే చిన్నదాన్ని కత్తిరించి పెట్టెలో పెడితే ఇంకెంత ముద్దుగా ఉంటుందో ఆలోచించండి.

ఈ 16 మిల్లీమీటర్లు ఊరికే చెప్పలేదు. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. బుల్లెట్ వ్యాసం 5.6. బుల్లెట్ అంచు రింగును తాకినా పదే. రెండూ కలిపితే 16. అంటే షాట్ల మధ్యబిందువులన్నీ 16 మిల్లీమీటర్ల వృత్తంలో పడి, ఆ వృత్తం సరిగ్గా టార్గెట్ మధ్యలో ఉంటే అన్నీ పదులే. అయితే బ్యారెల్ ఒక్కటే ఆ చోటంతా వాడేసుకుంటే పిల్లాడి ఊపిరికి, గుండె చప్పుడికి, గాలికి ఏం మిగిలింది? కాబట్టి రైఫిల్ బిగించి కాల్చినప్పుడు పది షాట్ల గ్రూపు అంతకంటే బాగా తక్కువ ఉండాలి. పైగా ఫైనల్స్‌లో డెసిమల్ స్కోరింగ్, అంటే దశాంశాలతో లెక్క, 10.1కీ 10.7కీ తేడా ఉంది. ఇంకొక జాగ్రత్త చెప్తాను. ఎవరైనా గ్రూపు సైజు చెప్పినప్పుడు అది మధ్య నుంచి మధ్యకా, అంచు నుంచి అంచుకా అడగండి. రెండింటికీ 5.6 మిల్లీమీటర్ల తేడా.

మరి ఏ తూటాలతో కాల్చాలి? టూటూలో బ్యారెల్‌ను తూటా నుంచి విడదీసి చూడలేం. టెనెక్స్, లాపువా ఎక్స్‌యాక్ట్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50, ఇవన్నీ పెద్ద పేర్లే. కానీ ఒకే పేరుతో వచ్చిన రెండు లాట్లు (ఒక విడతలో తయారైన తూటాలు ఒక లాట్) మీ బ్యారెల్‌లో వేరువేరుగా కొడతాయి. మీ స్నేహితుడికి పదులు కొట్టిన లాట్ మీకు తొమ్మిదులు కొట్టొచ్చు. అందుకే ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ఈలీ, జర్మనీలో షోనెబెక్‌లో లాపువా ప్రత్యేకంగా టెస్ట్ రేంజ్‌లు నడుపుతున్నాయి. రైఫిల్‌ను బిగించి లాట్ తర్వాత లాట్ కాల్చి చూపిస్తారు. యూరప్‌లో శిక్షణకో పోటీకో వెళ్లే అవకాశం వచ్చిన షూటర్ ఈ పనికి ఒక రోజు కేటాయించుకోవడం చాలా మంచిది. అలా వీలుకాని వాళ్లం కనీసం నాలుగైదు వేరువేరు లాట్లతో, ఒక్కొక్క లాట్‌కు పది షాట్ల గ్రూపులు నాలుగు కాల్చాలి. తూటాలు ఖరీదైనవే, నాకు తెలుసు. రైఫిల్ ధర ముందు ఆ ఖర్చు చిన్నది. లాట్ మార్చిన ప్రతిసారీ మొదటి పది పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోకండి, పాత తూటాలకు పూసిన మైనం లోపల ఉంటుంది. గాలి లేని ఉదయం పూట కాల్చండి. ఒక లాట్ బాగా కొట్టి మిగతావి కొట్టకపోయినా అది పనికొచ్చే బ్యారెలే. ఏ లాటూ కొట్టకపోతే వదిలేయండి. రెండు మూడు లాట్లు బాగా కొడితే మాత్రం ఆ బ్యారెల్‌ను చేజార్చుకోకండి, ఎందుకంటే మనకు ఇక్కడ కోరుకున్న లాట్ ఎప్పుడూ దొరకదు.

గ్రూపు ఆకారం కూడా చదవాలి. నిలువుగా సాగిందనుకోండి, బ్యారెల్‌ను తిట్టే ముందు తూటా వేగం చూడండి. ఒక తూటాకూ ఇంకో తూటాకూ సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు కిందికో పైకో పడుతుంది. గ్రూపు రెండు ముక్కలై రెండు చోట్ల చిన్న చిన్న గుంపులుగా పడితే స్టాక్ స్క్రూలు, సైట్ బిగింపు చూడండి. బ్యారెల్‌కూ స్టాక్ ముందు భాగానికీ మధ్య ఒక కాగితం దూర్చి లాగండి, ఎక్కడా తగలకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఎనిమిది షాట్లు ఒకే చోట పడి రెండు మాత్రం ఎప్పుడూ ఎటో పోతుంటే, క్రౌన్, చాంబర్ దగ్గరకు మళ్లీ వెళ్లండి.

(ప్రశ్న: సార్, కొత్తది మా స్తోమతకు మించింది. ఒక సీనియర్ షూటర్ పాత ఆ్యన్‌షుట్స్ ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?)

తప్పకుండా ఆలోచించొచ్చమ్మా. అనుమతులన్నీ మామూలే, లైసెన్సులో మార్పు జరగకుండా ఒక్క రోజు కూడా మీ దగ్గర ఉంచుకోకండి. ఇక బ్యారెల్ సంగతి. ముందు వయసు తెలుసుకోండి. ఆ కంపెనీ ఉల్మ్ ఊళ్లో ఉంది, అక్కడి ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించి ముద్ర వేసే సంస్థ) గుర్తు దుప్పి కొమ్ము. దాని పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. ఎ అంటే సున్నా, బి అంటే ఒకటి, అలా వరుసగా ఐ అంటే ఎనిమిది. జే వదిలేసి, కే అంటే తొమ్మిది. ఐకే అని ఉంటే 1989, బీఈ అని ఉంటే 2014. అమ్మే ఆయన చెప్పిన సంవత్సరంతో సరిపోతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

వయసు ఒక్కటే చూసి వద్దనకండి. టూటూలో వేడీ ఒత్తిడీ తక్కువ, సీసపు బుల్లెట్ కాబట్టి బ్యారెల్ వేలకు వేల షాట్లు తట్టుకుంటుంది. అరిగేది చాంబర్ ముందు కొద్ది మేరే. టూటూ తూటా అడుగు అంచులో ఉండి మొదట అంటుకునే రిమ్‌ఫైర్ ప్రైమర్ మందులో సన్నటి గాజు పొడి ఉంటుంది, అది అక్కడ గరుకు కాగితంలా రాస్తుంది. బోర్‌స్కోప్ పెట్టి చాంబర్ దాటగానే అడుగు వైపు, అంటే గడియారంలో ఆరు ఉండే వైపు, గట్ల మొదళ్లు చూడండి. పై వైపు గట్లు పదునుగా ఉండి అడుగువి మొద్దుబారి మాయమైపోతే చాలా కాలిందని అర్థం. అక్కడే నల్లటి గట్టి మడ్డి వలయంలా పేరుకుని ఉంటే మాత్రం ముందు దాన్ని శుభ్రం చేయించి మళ్లీ చూడండి, అరుగుదల దాని కింద దాక్కుని ఉంటుంది. రైఫిల్ విశాఖలోనో కాకినాడలోనో ఉన్నదైతే, స్టెయిన్‌లెస్ కాకపోతే, తుప్పు గుంటల కోసం మూతి వైపు చివరి జానెడు ప్రత్యేకంగా చూడండి. సముద్రపు గాలి ముందు అక్కడే పనిచేస్తుంది. రాడ్‌ను మూతి వైపు నుంచి దూర్చి శుభ్రం చేసే అలవాటు ఆయనకు ఉందేమో కూడా కనుక్కోండి, క్రౌన్ ఒక పక్క అరిగిందంటే అదే కారణం.

ఆయన దగ్గర మిగిలిన తూటాలు ఏ లాట్‌వో నంబరు రాసుకోండి. ఈలీ పెట్టె అయితే లాట్ నంబరుతో పాటు వేగం కూడా అచ్చు వేసి ఉంటుంది, అదీ రాసుకోండి. ఆయన పాత స్కోరు షీట్లు అడగండి, ఏ లాట్‌తో కొట్టారో వాటిలో ఉంటే ఇంకా మంచిది. మీ అమ్మాయిని తీసుకెళ్లి రేంజ్‌లో ఆ లాట్‌తోనూ, ఇంకో రెండు లాట్లతోనూ పది షాట్ల గ్రూపులు కాల్పించండి. ఆ కాగితాలు పారేయకుండా తీసుకురండి, కూర్చుని కొలుద్దాం.